పై పన్ను, ఖాలా సూది

నా చిన్నప్పుడు మా అవ్వ ఎప్పుడు నవ్వినా నోటికి కొంగు అడ్డం పెట్టుకునేది. అవ్వ అంటే మా వైపు అమ్మే. మాది మెట్‌పల్లిలో ఒక ఇరుకు గల్లీ. ఆడవాళ్లంతా బీడీలు చుట్టేవాళ్లు. మగవాళ్లలో సగం మంది భీవండికి పోయి అక్కడ సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, బట్ట నేసేవాళ్లు. మా బాపు కూడా అక్కడే ఉండేవాడు. ఏడాదికి రెండుసార్లు వచ్చి, మేము ఆయనకు అలవాటు పడేలోపే మళ్లీ బస్సెక్కేవాడు. అందుకే చిన్నతనం అనగానే నాకు అవ్వ ఒక్కతే కనిపిస్తుంది. ఒళ్లో చాట, చాటలో తునికాకు, ఆకు మీద పొగాకు, వాటి వెనక కొంగు చాటున నవ్వే అవ్వ. ఆ కొంగు తీసేస్తే నవ్వు ఎట్లా ఉంటుందో చూడాలని నాకు మహా ఆశగా ఉండేది. ఇప్పుడు చెబితే మా పిల్లలు నమ్మరు.

అవ్వ దాచుకునేది పళ్లనే. బీడీలు చుట్టే ఇంట్లో పన్ను నొప్పికి మందు వెతుక్కోవాల్సిన పని లేదు. మందు చాటలోనే ఉంటుంది. చిటికెడు పొగాకు తీసి నొప్పి ఉన్నచోట, చిగుళ్లకూ బుగ్గకూ మధ్య నొక్కి పెడితే కాసేపటికి మొద్దుబారుతుంది. చేతిలో పని ఆగదు. మా గల్లీలో అందరి వైద్యం అదే. నొప్పి పోయాక కూడా ఆ చిటికెడు లేనిదే తోచేది కాదు. అట్లా అవ్వ పళ్లు ముందు పసుపై, తర్వాత గోధుమ రంగై, ముప్పై ఏళ్లు దాటకుండానే నల్లబడ్డాయి. ఒకసారి నాకు పన్ను సలిపితే నాకూ ఆవగింజంత పెట్టింది. నేను కళ్లు తిరిగి వాంతి చేసుకుంటే, ఆ పూటంతా నన్ను ఒళ్లో వేసుకుని ఏడ్చింది. తను పెట్టుకోవడం మాత్రం మానలేదు.

పొగాకే పళ్లను తినేస్తోందని మాకు చెప్పేవాళ్లెవరు? పళ్లకు వేరే డాక్టరు ఉంటాడన్న సంగతి కూడా మాలో చాలామందికి తెలియదు. అంగడి రోజు ఒకాయన గోనెపట్టా పరిచి, పటకారు ముందు పెట్టుకుని కూర్చునేవాడు. పక్కనే ఒక గాజు సీసా, దాని నిండా పీకిన పళ్లు. అది తన పనితనానికి గుర్తు అనుకునేవాడేమో పాపం. దాన్ని చూసి పెద్దవాళ్లు కూడా దూరంగా జరిగి పోయేవాళ్లు.

నేను నాలుగో తరగతి చదివే ఏడు, వానలు వెనకబట్టే రోజుల్లో, అవ్వకు కుడివైపు పైన పన్ను నొప్పి మొదలైంది. రోజూ ఉండేదే అనుకుని పొగాకు నొక్కింది. మూడో రోజుకు బుగ్గ ఉబ్బింది. ఐదో రోజుకు వాపు కంటి కిందికి ఎక్కి, కుడి కన్ను సగం మూసుకుపోయింది. జావ తప్ప ఏదీ మింగలేకపోయింది. అయినా చాట దించలేదు. ఒంటి కంటితో చుట్టిన బీడీలు వంకర పోయి, కార్ఖానాలో ఏరి పక్కన పడేశారు. ఆ రోజు ఇంటికి వచ్చి అవ్వ గోడకు ఆనుకుని కూర్చున్న తీరు చూసి నాకు మొదటిసారి భయం వేసింది. జ్వరంతో ఒళ్లు కాలిపోతోంది. తమ్ముడు ఆకలి అని కొంగు లాగుతున్నాడు. అవ్వ లేకపోతే మేమిద్దరం ఏమైపోతాం అన్న ఆలోచన ఆ వయసులో పిల్లకు రాకూడదు. నాకు వచ్చింది.

గల్లీల్లో తిరిగి సూదిమందు ఇచ్చే డాక్టరు వచ్చి చూసి, ఇది నా చేతిలో లేదు, కరీంనగర్ పోయి పన్ను తీయించుకోవాలి అన్నాడు. అవ్వ తల అడ్డంగా ఊపింది. ఆమె భయం నొప్పి గురించి కాదు. పై పన్ను పీకిస్తే కన్ను పోతుందని మా గల్లీలో అందరి నమ్మకం. కింది పన్నయితే ఏమీ కాదట, పై పన్నుకే కంటి నరం ఉంటుందట. ఎవరో ఒకామె, ఏదో ఊళ్లో, పై పన్ను పీకించుకుంటే తెల్లారేసరికి ఆ పక్క కన్ను కనిపించకుండా పోయిందట. ఆమె పేరేమిటో, ఊరేమిటో ఎవరికీ తెలియదు. ఆమె కన్ను పోయిన సంగతి మాత్రం మెట్‌పల్లి మొత్తానికి తెలుసు.

కన్ను పోతే బీడీ లేదు. ఆకు ఈనె ఎటు పోతుందో చూసి కత్తిరించాలి, సన్నని దారం కట్టాలి, కొస మడవాలి. అంతా కంటి మీదే నడిచే పని. ముఖం వాచి కన్ను మూసుకుపోతుంటే, ఆ కన్ను ఎక్కడ పోతుందోనని పన్ను పీకించుకోకుండా కూర్చుంది మా అవ్వ. ఇప్పుడు ఈ మాట రాస్తుంటే కోపం వస్తోంది. ఎవరి మీదని చెప్పను?

మా గోడకు ఆనుకునే ఖాలా ఇల్లు. ఖాలా అంటే పిన్ని. నాకు ఆమె ఆ వరస కాదు, అసలు చుట్టమే కాదు. తురక వాళ్ల పిల్లలు పిలిస్తే మేమూ ఖాలా అని పిలిచేవాళ్లం, అంతే. భర్త పోయాడు, పిల్లలు లేరు. దర్జీ దుకాణాలకు కాజాలు, గుండీలు కుట్టి బతికేది. ఆమె కుట్టిన కాజా చూస్తే చీమలు వరస కట్టినట్టు ఉండేది. దారం కొస పెదాల మధ్య తడిపి, సూదిని ఎత్తి పట్టుకుని, ఒక్కసారికే ఎక్కించేది. రెండోసారి ప్రయత్నించడం నేను చూడలేదు. నడుముకు ఒక చిన్న సంచి ఉండేది, అందులో సూదులు, దారపు ఉండలు, నాలుగైదు గుండీలు. పిల్లల చొక్కాకు గుండీ ఊడితే నిలబెట్టి అక్కడికక్కడే కుట్టి పంపేది. అవ్వ ఆమెను అక్కా అనేది, ఆమె అవ్వను చెల్లే అనేది.

ఆ ఐదు రోజులూ ఖాలా పొద్దున సాయంత్రం వచ్చి అవ్వను బతిమాలింది, తిట్టింది, పిల్లల మీద ఒట్టు పెట్టింది. అవ్వ ఏదీ చెవిలో వేసుకోలేదు. ఆరో రోజు పొద్దున ఖాలా చెంపకు ఒక తువ్వాల చుట్టి, నెత్తి మీద ముడి వేసుకుని మా గడపలో నిలబడింది.

"నాకు పన్ను నొస్తుంది చెల్లే. నిన్నటి సంది పానం ఆగుతలేదు. కరీంనగర్ పోతున్న. ఒక్కదాన్ని పోవాల్నంటే భయమైతుంది. జర తోడు రా."

తన పన్ను కోసం గడప దాటని అవ్వ, ఆ మాట వినగానే చాట పక్కన పెట్టి లేచింది. తమ్ముణ్ణి ఎదురింట్లో అప్పగించింది, ముఖం కడుక్కుంది. ఇద్దరికీ చదువు రాదు కాబట్టి బోర్డులు చదవడానికి నన్ను రమ్మన్నారు. నేను మాత్రం ఖాలా వైపే చూస్తున్నాను. ఆమెకు ఎడమవైపు పైన ఒక విరిగిన పన్ను ఉండేది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ అది అట్లాగే ఉంది, దాని గురించి ఆమె ఏనాడూ ఒక్క మాట అనలేదు. పైగా కిందటి సాయంత్రమే, అదే పక్కన, వేయించిన మక్కలు, మొక్కజొన్న గింజలు, కరకరా నములుతుంటే నేను చూశాను. ఆ మాట అనబోయాను. ఖాలా నా కళ్లలోకి ఒక చూపు చూసి, చేతి సంచిలోంచి గుప్పెడు మక్కలు తీసి నా చేతిలో పోసింది. నా నోరు మూతపడింది.

బస్సులో ముగ్గురం ఒకే సీట్లో కూర్చున్నాం. కిటికీ పక్కన ఖాలా, మధ్యలో నేను, ఈ చివర అవ్వ. చెంపకు గుడ్డ కట్టుకున్నది ఒకరు, చెంప వాచింది ఇంకొకరికి. కండక్టరు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. కొండగట్టు దగ్గరికి రాగానే అవ్వ కొండ వైపు తిరిగి చేతులు జోడించి, వాచిన కంటి మీద అరచెయ్యి పెట్టుకుని ఏదో గొణుక్కుంది. అదే సమయానికి ఖాలా కూడా తల మీద కొంగు సర్దుకుని కళ్లు గట్టిగా మూసుకుంది. పెదాలు కొంచెం కదులుతున్నాయి. కునుకు పట్టిందేమో అనుకుని నేను మక్కలు తింటూ కూర్చున్నాను.

కరీంనగర్ దవాఖానలో ఒక్కో బోర్డు దగ్గర ఆగి, అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాను. చివరికి పళ్లు చూసే గది దొరికింది. బయట వరండాలో పొడవాటి బెంచీ, దాని మీద చెంపలకు గుడ్డలు కట్టుకున్న మనుషులు. ధర్మపురి వైపు వాళ్లు కొందరు, ఆదిలాబాద్ అడవుల నుంచి రెండు బస్సులు మారి వచ్చిన వాళ్లు కొందరు. ఒక ముసలాయన తెల్లవారకముందే బయలుదేరానని చెప్పాడు. పన్ను నొప్పి కోసం ఇంత దూరం నుంచి వస్తారా అని నేను ఆశ్చర్యపోయాను. మేమూ అంత దూరం నుంచే వచ్చామని తట్టలేదు.

డాక్టరు బయటికి తొంగి చూసి పేరు పిలిచాడు. ఆయన కళ్లద్దాలు సీసా అడుగుల్లా మందంగా ఉన్నాయి. అవ్వ నా చెవి దగ్గరికి వంగి, "గాయన కండ్లే సక్కగ లేవు. పై పండ్లు పీకించుకున్నడేమో అడుగు" అంది. ఆ నొప్పిలో కూడా ఆమె నిజంగానే అడగమంది. నేను అడగలేదు.

ముందు ఖాలా లోపలికి పోయింది. తలుపు సగమే వేసి ఉంది. నేనూ అవ్వా గుమ్మంలో నిలబడ్డాం. ఖాలా కుర్చీలో కూర్చుని రెండు చేతులతో కుర్చీ అంచులు పట్టుకుంది. గోళ్లు తెల్లబడేంత గట్టిగా పట్టుకుంది. అబద్ధపు నొప్పికి ఇంత భయం ఎందుకో నాకు అర్థం కాలేదు. డాక్టరు చూసి, దీని వేరు ఎప్పుడో పుచ్చిపోయింది, ఇన్నాళ్లు ఎట్లా ఊరుకున్నావమ్మా అన్నాడు. మొద్దుబారడానికి సూది వేశాడు. కాసేపయ్యాక ఒక చిన్న చప్పుడు, ఇనుప పళ్లెంలో పన్ను పడిన చప్పుడు.

ఖాలా నోటి నిండా దూదితో బయటికి వచ్చింది. వచ్చి మా ఎదురుగా బెంచీ మీద కూర్చుంది. మాట్లాడడానికి లేదు. ఒక నిమిషం చేతులు ఒళ్లో పెట్టుకుని ఊరికే ఉంది. తర్వాత నడుము సంచి విప్పి సూది తీసింది, నల్లదారం తీసింది. కొస తడుపుదామని అలవాటుగా పెదాల దాకా తెచ్చి, దూది తగిలి ఆగిపోయింది. దారాన్ని రెండు వేళ్ల మధ్య నలిపి సన్నం చేసింది. సూదిని వెలుతురుకు ఎత్తి పట్టుకుని, కుడి కన్ను మూసుకుని, పన్ను తీసిన పక్క కన్ను ఒక్కటే తెరిచి చూసింది. దారం ఒక్కసారికే దూరింది. ఖాలా దాన్ని అట్లాగే చూస్తూ ఉండిపోయింది. తర్వాత నన్ను దగ్గరికి లాక్కుని, నా గౌనుకు వేలాడుతున్న గుండీని అక్కడే, అందరి ముందూ, నాలుగు పోట్లలో గట్టిగా కుట్టేసింది. దారం తెంపి, అవ్వ వైపు చూసి, లోపల కుర్చీని వేలితో చూపించింది.

మా అవ్వ నవ్వింది. వాచిన బుగ్గ ఒక పక్కకు లాగుతుంటే, నొప్పికి కళ్లలో నీళ్లు తిరుగుతుంటే నవ్వింది. కొంగు సంగతి మరిచిపోయింది. ఆ పళ్లు నల్లగానే ఉన్నాయి, ఆ ముఖం సగం గుర్తుపట్టలేనట్టే ఉంది. అయినా అంత చక్కని ముఖాన్ని నేను మళ్లీ ఎక్కడా చూడలేదు. నవ్వుతూనే లేచి లోపలికి పోయింది.

పన్నుతో పాటు చాలా చీము వచ్చింది. డాక్టరు చేతులు కడుక్కుంటూ, ఇంకో నాలుగు రోజులు ఆగి ఉంటే అది కంటికి పాకేది, పీకినందుకు కాదమ్మా, పీకనందుకు పోయేది కన్ను అన్నాడు. తర్వాత అవ్వ నోరు తెరిపించి, పొగాకు పెట్టుకునే చోట తెల్లగా పొర కట్టిన చర్మాన్ని నాకు చూపించాడు. మీ అమ్మకు నువ్వే చెప్పాలి, ఇది మానకపోతే పన్ను కాదు, మనిషే దక్కదు అన్నాడు. నేను నాలుగో తరగతి పిల్లను. అయినా ఆయన ఆ మాట నన్ను పెద్దదాన్ని చేసి చెప్పాడు. అవ్వకు ఆ అలవాటు పోవడానికి ఏడాది పట్టింది. చెయ్యి చాటలోంచి నోటి వైపు పోయినప్పుడల్లా నేను మణికట్టు పట్టుకునేదాన్ని. ఒకసారి విసుక్కునేది, ఒకసారి వదిలేసేది.

తిరిగి వచ్చేటప్పుడు ఎండ దిగుతోంది. కొండగట్టు రాగానే అవ్వ ఎడమ కన్ను చేత్తో మూసుకుని, కుడి కంటి సందులోంచి కొండను చూసింది. చెయ్యి మార్చి ఎడమ కంటితో చూసింది. మళ్లీ కుడి కన్ను. కొండ ఎక్కడికీ పోలేదు. అట్లా కోరుట్ల దాకా దారి పక్కన చెట్లను, ఎడ్లను, సైకిళ్లను ఒక్కో కంటితో చూసుకుంటూనే వచ్చింది. ఖాలా కిటికీకి తల ఆనించి, ఈసారి నిజంగానే నిద్రపోయింది.

తర్వాత నాకు పెళ్లై ఆసిఫాబాద్ వైపు వచ్చేశాను. అవ్వ చాలా ఏళ్లు బతికింది. చివరి వరకు కళ్లు బాగానే ఉన్నాయి, పళ్లే నాలుగు మిగిలాయి. ఆ నాలుగింటితోనే, కొంగు అడ్డం లేకుండా నవ్వేది. అవ్వ పోయినప్పుడు ఖాలా బాగా ముసలిదైపోయింది. పదో రోజు సాయంత్రం ఆమె పక్కన కూర్చుని, ఆ పాత సంగతి ఎత్తాను. మా అవ్వను భలే మోసం చేశావు ఖాలా, నీకు నొప్పీ లేదు, భయమూ లేదు అన్నాను. ఖాలా తల అడ్డంగా ఊపింది.

"భయం లేకుండెనా బేటీ? నేను సుత గదే నమ్మిన. కన్ను పోతదనే అనుకున్న."

దిగ్గున ఆమె వైపు తిరిగాను. కాజాలు కుట్టి బతికే మనిషి.

"సూది మీ అవ్వకు సూపెట్టనీకి తియ్యలే. నాకు కనవడుతుందా లేదా అని నేనే సూసుకున్న. మీ అవ్వకు ఇద్దరు చిన్న పిల్లలు. నాకెవలున్నరు? ఎవలన్న ఒకలు ముంగట కూసోవాలె గద."

అంతే చెప్పింది. తర్వాత నా చెయ్యి నిమిరి, అన్నం తిన్నావా అని అడిగింది. మరో రెండేళ్లకు ఆమె కూడా పోయింది. నాకు కబురు ఆలస్యంగా అందింది.

నేను అంగన్‌వాడీలో పనిచేసి దిగిపోయాను. ఇప్పుడు మా ఊరికి అప్పుడప్పుడు పళ్లు చూసే వ్యాను వస్తుంది. బడి ముందు ఆగుతుంది. లోపల చక్కని కుర్చీ, లైటు, చిన్న వయసు డాక్టరమ్మ. అన్నీ ఉంటాయి. మనుషులే రారు. దూరంగా గోడ నీడన నిలబడి, నువ్వు పో అంటే నువ్వు పో అనుకుంటారు. పై పన్ను పీకిస్తే కన్ను పోయిన ఆ ఒకామె ఈ అడవుల్లోకి కూడా వచ్చి చేరింది. ఇక్కడా ఆమె పేరెవరికీ తెలియదు.

అందుకే ముందు నేనే పోయి కూర్చుంటాను. చూపించడానికి నా నోట్లో పెద్దగా ఏమీ మిగల్లేదు. మళ్లీ మీరేనా అని డాక్టరమ్మ నవ్వుతుంది. నోరు తెరిచి, చూపించుకుని, అందరికీ కనిపించేటట్టు మెట్లు దిగుతాను. మొన్న వచ్చినప్పుడు, నా వెనకే ఒక పడుచు ధైర్యం చేసి ఎక్కింది. వెదురు చాటలు అల్లే పిల్ల, ఆమెదీ కంటి పనే. పై పన్ను తీశారు. నోట్లో దూదితో బయటికి వచ్చి, కన్ను పులుముకుంటూ నిలబడింది. నేను సంచిలోంచి సూది, దారం తీసి ఆమె చేతిలో పెట్టాను.

"నా కండ్లకు ఆనుతలేదు బిడ్డా. జర దారం ఎక్కియ్యి."

అది అబద్ధం కాదు, నాకు శుక్లాలు. ఆ పిల్ల దారాన్ని వేళ్ల మధ్య నలిపి, సూదిని ఎత్తి పట్టుకుని, రెండోసారికి ఎక్కించింది. నాకు ఇవ్వబోయి ఆగి, దాన్నే చూస్తూ ఉండిపోయింది. ఖాలా ఆ రోజు చూసిన చూపే అది. నాకు ఖాలా కావాలనిపించింది, అవ్వ కావాలనిపించింది, ఆ బస్సులో ఆ ఇద్దరి మధ్య ఇరుక్కుని కూర్చున్న చోటు మళ్లీ కావాలనిపించింది. కొండగట్టు దగ్గర ఖాలా కళ్లు మూసుకున్నప్పుడు, తన కళ్లను దేవుడికి అప్పజెప్పుకుంటోందని నాకు తెలియదు. పక్కనే కూర్చుని మక్కలు తిన్నాను. తెలిసి ఉంటే ఆమె చెయ్యి పట్టుకునేదాన్ని. ఇప్పుడు ఆ వ్యాను కుర్చీలో ఎవరు కూర్చున్నా, వాళ్లు అడగకముందే పోయి చెయ్యి పట్టుకుని నిలబడతాను.